నవ్వేది ఎవర్ని చూసి? – యుద్ధం మీద హాస్య చిత్రాలు

  నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా వచ్చి, మనలో చాలామందిలాగే ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. సినిమాల గురించి మాట్లాడేంత పాండిత్యం నాకు లేదు గానీ, చూసే జబ్బు మాత్రం చిన్నప్పట్నుంచీ ఉంది. ఈ వారం ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగితే, కొన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న సంగతి ఒకటుంది, అది చెప్తానన్నాను. యుద్ధం మీద తీసిన హాస్య చిత్రాల గురించి.

యుద్ధం ఎక్కడ, హాస్యం ఎక్కడ, ఈ రెంటికీ పొంతనేమిటి అని మీకు అనిపించవచ్చు. నాకు ఆ ప్రశ్న మా బాబాయి వల్ల వచ్చింది.

2025 మే నెలలో ఇండియా, పాకిస్తాన్‌ల మధ్య నాలుగు రోజులపాటు దాడులు జరిగిన సంగతి మీకందరికీ గుర్తే. ఆ నాలుగు రోజులూ మనం ఆఫీసులో పని చేస్తున్నామన్న మాటే గానీ, కళ్ళు ఫోన్ల మీదే. వార్తల కంటే జోకులు ఎక్కువగా వచ్చేవి. అందులో ఒకటి నేను మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అవతలి దేశం సిపాయి ఒకడు బంకర్లో కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఏడుస్తున్నట్టు ఒక బొమ్మ, కింద ఒక వ్యాఖ్య. చాలామంది నవ్వుతున్న మొహాలు పెట్టారు. గంట తర్వాత అనంతపురం నుంచి మా బాబాయి ఫోన్. ఆయన సైన్యంలో పాతికేళ్ళు చేసి హవల్దారుగా రిటైరయిన మనిషి.

"ఏం రా, ఆ జోకు చూస్తి. అందులో నవ్వేది ఎవర్ని చూసి రా?" అన్నాడు.

నేను ఏదో నసిగాను. "బంకర్లో ఉన్నోడు ఎవడైనా అమ్మనే తలుచుకుంటాడు. మా కాలంలో ఫోన్లు ల్యాకపాయె, ఉత్తరాలు రాస్తిమి. అంతే తేడా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

ఆయన అక్కడితో ఊరుకుంటే ఈ ప్రసంగం ఉండేది కాదు. నేను నొచ్చుకున్నానని తెలిసి కాబోలు, ఆయనే ఒక కథ చెప్పాడు. ఎక్కడో కొండల మీద చలిలో పోస్టింగు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని, దారికి రెండు పక్కలా ఉన్న రాళ్ళన్నిటికీ సున్నం కొట్టమని ఆర్డరు. రెండు రోజులు వేళ్ళు కొంకర్లు పోతుంటే కొట్టారట. తెల్లారి లేచి చూస్తే రాత్రంతా మంచు కురిసి, సున్నం కొట్టిన రాయేదో కొట్టనిదేదో తెలియకుండా కొండ మొత్తం తెల్లగా ఉంది. పైగా ఆ మంచు వల్లే ఆఫీసరు రాలేదు! ఇది చెప్తూ బాబాయి ఫోన్లో దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆలోచిస్తే రెండూ యుద్ధం మీద జోకులే. ఒకదానికి ఆయన నొచ్చుకున్నాడు, ఇంకొకదానికి పడీ పడీ నవ్వాడు. మొదటి దాంట్లో మనం నవ్వింది భయపడుతున్న మనిషిని చూసి. రెండో దాంట్లో నవ్వింది, చలికి వణికే మనిషి చేత రాళ్ళకి సున్నం కొట్టించే ఆర్డరుని చూసి. ఆ ఫోన్ తర్వాత, నేను ఎప్పుడో చూసిన సినిమాలన్నీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్ళీ చూశాను. వాటిల్లో కొన్నిటి గురించి చెప్తాను.

ముందుగా, ఇదేదో తెల్లవాళ్ళ వింత అనుకోకండి. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు మనకి కొత్తా? అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు, సారథి దొరికితే చాలు కౌరవుల్ని చీల్చి చెండాడేస్తానని కోతలు కోసి, తీరా కౌరవసేన కంటపడగానే రథం దూకి పరుగు తీస్తాడు. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అన్న మాట మన భాషలో అలా స్థిరపడిపోయింది. 1963లో వచ్చిన 'నర్తనశాల' సినిమాలో ఆ వేషం రేలంగి గారిది. ఇక్కడ ఒకటి గమనించండి. కథ నవ్వేది అతని కోతల్ని చూసి. భయపడ్డాడని అతన్ని పారెయ్యదు. బృహన్నల వెంటపడి పట్టుకుని ధైర్యం చెప్తే, అదే కుర్రాడు చివరికి అర్జునుడి రథానికి పగ్గాలు పట్టుకుంటాడు. మా బాబాయి అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఇప్పుడు చాప్లిన్ దగ్గరికి వద్దాం. 'ద గ్రేట్ డిక్టేటర్' 1940 అక్టోబరులో విడుదలైంది. చాప్లిన్, హిట్లర్ ఇద్దరూ 1889 ఏప్రిల్‌లో నాలుగు రోజుల తేడాతో పుట్టారు. ఇద్దరికీ ఒకే రకం మీసం. ఈ పోలికని పట్టుకుని చాప్లిన్ రెండు వేషాలు వేశాడు: టొమేనియా అనే ఊహాదేశపు నియంత హింకెల్ ఒకడు, అచ్చు అతనిలాగే ఉండే ఒక యూదు మంగలి ఇంకొకడు. షూటింగు మొదలైంది 1939 సెప్టెంబరులో, యూరప్‌లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే. అమెరికా అప్పటికి యుద్ధంలో లేదు. హిట్లర్ ఓడిపోయాక అతన్ని వెక్కిరించడం ఎవరికైనా చేతనవుతుంది. చాప్లిన్ వెక్కిరించింది హిట్లర్ గెలుస్తున్న రోజుల్లో, పారిస్ అతని చేతిలో ఉన్న రోజుల్లో.

అందులో హింకెల్ భూగోళం బెలూనుతో ఆడుకునే దృశ్యం చాలామంది చూసే ఉంటారు. ప్రపంచాన్ని వేలి మీద తిప్పుతూ, తలతో ఎగరేస్తూ, బల్ల మీద పడుకుని వెనక్కి తన్నుతూ, మైమరచి నాట్యం చేస్తాడు. ఆఖర్న గట్టిగా వాటేసుకోగానే అది టప్పున పేలిపోతుంది. ఇంకో చోట హింకెల్, పక్క దేశపు నియంత నపలోని క్షవరం కుర్చీల్లో కూర్చుని, ఎవరు ఎత్తుగా కనిపించాలి అన్న పంతంతో కుర్చీలు పైకి లేపుకుంటూ పోతారు. కోట్లమంది ప్రాణాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ళ బుద్ధి కుర్చీ ఎత్తు దగ్గర ఆగిపోయింది! యూదుల పేటలో జనం పడే కష్టాన్ని చూపించేటప్పుడు కూడా, నవ్వు దౌర్జన్యం చేసే సైనికుల మీదకే వెళ్తుంది.

సినిమా చివర్లో మంగలిని చూసి నియంత అని పొరబడి వేదిక ఎక్కిస్తారు. అతను నోరు విప్పి, హాస్యం పూర్తిగా పక్కన పెట్టి, ద్వేషం వద్దని నాలుగైదు నిమిషాలు సూటిగా మాట్లాడతాడు. ఆ ప్రసంగం వల్ల సినిమా చెడిపోయిందన్న విమర్శకులు అప్పట్లోనే ఉన్నారు. నాకు మాత్రం, ఇక ఇక్కడ నవ్వకూడదు అని చాప్లినే లేచి నిలబడినట్టు అనిపిస్తుంది. ఇంకో సంగతి. నాజీ క్యాంపుల్లో నిజంగా ఏం జరుగుతోందో తనకి ముందే తెలిసి ఉంటే ఈ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. నవ్వుకి ఒక హద్దు ఉందని, అంత గొప్పగా నవ్వించినవాడే ఒప్పుకున్నాడన్నమాట.

రెండోది, మా ఐటీ వాళ్ళు తప్పకుండా చూడాల్సిన సినిమా. స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', 1964 జనవరిలో వచ్చింది. 1962 అక్టోబరు క్యూబా క్షిపణుల సంక్షోభంలో ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా వెళ్ళొచ్చి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. పీటర్ జార్జ్ రాసిన 'రెడ్ అలర్ట్' అనే నవల దీనికి ఆధారం. ఆ నవలలో హాస్యం లేదు. కుబ్రిక్ కూడా ముందు గంభీరమైన సినిమాగానే రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ పోతుంటే నిజంగా జరగగల సన్నివేశాలే నవ్వు తెప్పిస్తున్నాయట. వాటిని తీసేస్తే నిజం పోతుంది, ఉంచితే నవ్వొస్తుంది. సరే, నవ్వే ఉంచుదామని టెర్రీ సదర్న్ అనే వ్యంగ్య రచయితని కూడా కలుపుకున్నాడు.

కథ ఇదీ. రిప్పర్ అనే మతి తప్పిన జనరల్, అధ్యక్షుణ్ణి అడక్కుండా బాంబర్లని రష్యా మీదకి పంపేస్తాడు. అధ్యక్షుడు నిర్ఘాంతపోయి, నా అనుమతి లేకుండా ఇదెలా సాధ్యం అంటాడు. వాషింగ్టన్ నాశనమైపోతే కింది కమాండర్లే దాడికి ఆదేశం ఇవ్వొచ్చని ఒక ఏర్పాటు ఉంది, దాని మీద సంతకం చేసింది తమరే అంటాడు టర్జిడ్‌సన్ అనే ఇంకో జనరల్. ఒక్క పొరపాటు జరిగినంత మాత్రాన మొత్తం ప్రోగ్రామునే తప్పు పట్టడం న్యాయం కాదని కూడా అంటాడు. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయాక జరిగే మీటింగులో ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళకి ఈ మాట ఎంత తెలిసిన మాటో చెప్పక్కర్లేదు!

విమానాల్ని వెనక్కి పిలవాలంటే మూడక్షరాల కోడ్ కావాలి. అది కనిపెట్టిన మాండ్రేక్ అనే ఆఫీసరు అధ్యక్షుడికి ఫోన్ చెయ్యబోతే చిల్లర డబ్బుల్లేవు. కోకాకోలా మెషీన్ని తుపాకీతో పేల్చి నాణేలు తియ్యమంటే, అది ప్రైవేటు ఆస్తి అని పక్కనున్న కల్నల్ వెనకాడతాడు. భూమి అంతా కాలిపోబోతోంది, ఆయన బెంగ కోకాకోలా కంపెనీకి ఏం సమాధానం చెప్పాలని. ఇక రష్యా వాళ్ళ దగ్గర ఒక యంత్రం ఉంటుంది. వాళ్ళ మీద బాంబు పడితే ఎవరూ మీట నొక్కకుండానే మొత్తం ప్రపంచాన్ని నాశనం చేస్తుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. శత్రువుని భయపెట్టి ఆపడానికి తయారుచేసిన ఆ యంత్రం సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. సోమవారం పార్టీ మహాసభలో ప్రకటిద్దామనుకున్నారట!

ఈ సినిమా కిటుకు ఏమిటంటే, ఇందులో ఏ పాత్రకీ తను కామెడీలో ఉన్నానని తెలియదు. పీటర్ సెల్లర్స్ మూడు వేషాలు వేశాడు. అధ్యక్షుడి వేషంలో తాగి ఉన్న రష్యా ప్రధానితో ఫోన్లో మాట్లాడుతుంటే, తప్పిపోయిన పిల్లాణ్ణి గురించి పక్కింటివాళ్ళకి నచ్చచెప్తున్నంత మర్యాదగా మాట్లాడతాడు. జోకు వేస్తున్నట్టు ఎక్కడా కన్ను గీటడు. మాట్లాడే పద్ధతి అంత మామూలుగా, మాట్లాడే విషయం అంత ఘోరంగా ఉండటంలోంచి నవ్వు పుడుతుంది. యుద్ధం మీద మంచి వ్యంగ్యం దాదాపు అన్ని చోట్లా ఇలాగే పని చేస్తుంది.

ఇలాంటివి జరగకుండా మా దగ్గర జాగ్రత్తలున్నాయని అమెరికా వైమానిక దళం అంటోందంటూ సినిమా మొదట్లో ఒక ప్రకటన వేశారు. మరి నిజంగా ఏం జరిగింది? అత్యవసరంలో కొందరు కమాండర్లు అణ్వాయుధాలు వాడొచ్చని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1950ల చివర్లోనే ముందస్తు అధికారం ఇచ్చి ఉంచాడని, తర్వాతెప్పుడో బయటికి వచ్చిన రికార్డుల్లో తేలింది. 1980ల మధ్యలో సోవియట్ వాళ్ళు నిజంగానే 'పెరిమీటర్' అనే వ్యవస్థ పెట్టుకున్నారు. నాయకత్వమంతా పోయినా ఎదురుదాడి జరిగేలా చూసే ఏర్పాటు అది. సినిమాలో యంత్రంలా పూర్తిగా దానంతటదే నడిచేది కాదు, మధ్యలో మనుషులు ఉంటారు. కానీ సినిమాలో జోకులాగే, దాని గురించి బయటి ప్రపంచానికి వివరంగా తెలిసింది సోవియట్ యూనియన్ కూలిపోయాకే!

1979 నవంబరు 9న అమెరికా రక్షణ కేంద్రం తెరల మీద సోవియట్ క్షిపణులు వందల్లో వచ్చేస్తున్నట్టు కనిపించింది. యుద్ధ విమానాలు కూడా పైకి లేచాయి. తీరా చూస్తే శిక్షణ కోసం తయారుచేసిన దాడి కథ ఒకటి పొరపాటున అసలు సిస్టంలోకి ఎక్కిందట. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే నేను పని చేసిన ఒక చోట టెస్ట్ డేటా ప్రొడక్షన్లోకి వెళ్ళి, లేని బాకీలు కట్టమని కొన్ని వందలమందికి ఉత్తరాలు వెళ్ళాయి. మేం మర్నాడు క్షమాపణ ఉత్తరాలు పంపి బయటపడ్డాం. అణుబాంబుల విషయంలో క్షమాపణ ఉత్తరం ఎవరు రాస్తారు, ఎవరికి రాస్తారు? 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక వ్యవస్థ అయిదు అమెరికా క్షిపణులు వస్తున్నాయని చెప్పింది. డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి యంత్రాన్ని నమ్మలేదు, ఇది తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. మేఘాల మీద పడ్డ సూర్యకాంతిని చూసి ఉపగ్రహం పొరబడిందని తర్వాత తెలిసింది. ఈ రెండు సంఘటనలూ తెలిశాక ఆ సినిమా మళ్ళీ చూస్తే, నవ్వు వస్తూనే గొంతులో అడ్డం పడుతుంది.

మూడోది 'మ్యాష్'. కొరియా యుద్ధంలో సైనిక ఆసుపత్రి కథ. రాబర్ట్ ఆల్ట్‌మన్ సినిమా 1970లో, వియత్నాం యుద్ధం సాగుతుండగా వచ్చింది. అందులో ఒక నర్సుని స్నానం చేస్తుండగా అందరి ముందూ బయటపెట్టి అవమానించే సన్నివేశం ఉంది. అప్పట్లో జనం దానికి విరగబడి నవ్వారు. ఇప్పుడు చూస్తే నాకు నవ్వు రాలేదు. బాబాయి ప్రశ్న వేసుకుంటే ఎందుకు రాలేదో తెలిసిపోతుంది. గొప్ప సినిమాకి కూడా గురి తప్పుతుంది.

అదే కథతో 1972 నుంచి 1983 దాకా టీవీ సీరియల్ వచ్చింది. మూడేళ్ళు జరిగిన యుద్ధం మీద పదకొండేళ్ళ సీరియల్! ఆ రోజుల్లో అమెరికా కామెడీలకి రికార్డు చేసిన నవ్వులు కలిపేవారు. తీసినవాళ్ళు ఆ నవ్వులు వద్దన్నారు, ఛానెల్ వాళ్ళు కావాలన్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: ఆపరేషన్ గదిలో జరిగే సన్నివేశాలకి మాత్రం నవ్వులు కలపకూడదు. డాక్టర్లు అక్కడ కూడా జోకులు వేసుకుంటూనే ఉంటారు. కానీ మీరు కలిసి నవ్వండి అని ఎవరూ మనల్ని పురమాయించరు. 1975లో ఒక ఎపిసోడ్ ఉంది. అందరికీ ఇష్టమైన కల్నల్ బ్లేక్ డిశ్చార్జి అయి సంతోషంగా ఇంటికి బయల్దేరతాడు. ఆఖరి నిమిషంలో గుమాస్తా కుర్రాడు ఆపరేషన్ గదిలోకి వచ్చి, ఆయన విమానాన్ని కూల్చేశారు, ఎవరూ బతకలేదు అని చదువుతాడు. డాక్టర్ల చేతులు ఆగవు, కుట్లు వేస్తూనే ఉంటారు. కామెడీ సీరియల్లో ఇదేం పని అని ప్రేక్షకులు కోపంగా ఉత్తరాలు రాశారట. యుద్ధంలో అలాగే కదండీ జరిగేది, ముందు చెప్పి జరగదు.

ఆఖర్న, మా ఇంట్లో అందరం కలిసి చూసిన సినిమా. టైకా వైటిటి తీసిన 'జోజో రాబిట్', 2019లో వచ్చింది. పదేళ్ళ జర్మన్ పిల్లాడు జోజోకి హిట్లర్ అంటే వెర్రి అభిమానం. ఊహల్లో హిట్లర్ అతని స్నేహితుడు, తోడుగా తిరుగుతూ పిచ్చి పిచ్చి సలహాలు ఇస్తుంటాడు. ఆ వేషం దర్శకుడే వేశాడు. ఆయన తల్లివైపు యూదు మూలాలున్నవాడు. ఇక్కడ కూడా సినిమా నవ్వేది పిల్లాణ్ణి చూసి కాదు, పిల్లాడి బుర్రలో పెద్దవాళ్ళు నింపిన చెత్తని చూసి.

మా పెద్దమ్మాయికి పన్నెండేళ్ళు. మొదటి గంట పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఒక చోట జోజో సీతాకోకచిలుక వెంట పరిగెత్తి, తలెత్తేసరికి, గాల్లో వేలాడుతున్న రెండు బూట్లు అతని పక్కన కనిపిస్తాయి. అవి వాళ్ళమ్మవి. ఆమె మొహం చూపించరు. చూపించక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ బూట్లని సినిమా మొదట్నుంచీ మనకి మళ్ళీ మళ్ళీ చూపిస్తూ వచ్చారు, ఆమె నాట్యం చేస్తున్నప్పుడు, నది ఒడ్డున నడుస్తున్నప్పుడు. మేం మురిపెంగా చూసినవాటికి అర్థం అప్పుడు తెలిసింది. మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. సినిమా అయిపోయాక, "నాన్నా, నేను ఇందాకంతా నవ్వాను కదా... తప్పా?" అని అడిగింది.

తప్పు కాదమ్మా అన్నాను. ఆ నవ్వు వల్లే నువ్వు జోజోకి దగ్గరయ్యావు, దగ్గరయ్యావు కాబట్టే వాళ్ళమ్మ పోతే నీకు ఏడుపొచ్చింది, అన్నాను. తర్వాత నా వాట్సాప్ జోకు సంగతీ, చిన్నతాత ఫోను సంగతీ కూడా చెప్పాను. నాన్న చేసిన తప్పు వినడం పిల్లలకి ఎంత సరదాగా ఉంటుందో మీకు తెలుసుగా, ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది.

ఇంట్లో పిల్లలతో ఇలాంటి సినిమాలు చూద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. 'గ్రేట్ డిక్టేటర్' పదేళ్ళు దాటిన పిల్లలతో హాయిగా చూడొచ్చు, హిట్లర్ ఎవరో ముందు కాస్త చెప్పండి. 'జోజో రాబిట్'కి ఇక్కడ పీజీ-13 రేటింగు ఉంది, పక్కన కూర్చుని చూడండి. 'స్ట్రేంజ్‌లవ్' హైస్కూలు పిల్లలకైతే బాగా అర్థమవుతుంది. 'మ్యాష్' సినిమా పెద్దలకే. చూశాక మూడే మూడు ప్రశ్నలు అడగండి. మనం ఎవర్ని చూసి నవ్వాం? ఏ మాట మామూలుగా వినిపిస్తూనే ఘోరంగా ఉంది? నవ్వు ఎక్కడ ఆగిపోయింది? సినిమా మంచిదైతే మూడింటికీ జవాబు దొరుకుతుంది. మూడో దానికి జవాబు దొరకలేదంటే, ఆ సినిమా యుద్ధాన్ని వట్టి ఆటగా చూపించిందేమో అని అనుమానించాలి.

ఫోన్లో వచ్చే జోకుకి మొదటి ప్రశ్న ఒక్కటి చాలు. ఇక్కడ, యుద్ధానికి ఇన్ని వేల మైళ్ళ దూరంలో, మన సోఫాల్లో కూర్చుని పంపించే మనకి అది ఇంకా అవసరం. ఆ రోజు నేను పెట్టిన మెసేజ్ గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే దాన్ని ఎంతమంది ఎవరెవరికి పంపారో నాకు తెలియదు. దాని బదులు, బాబాయి అనుమతి తీసుకుని, సున్నం కొట్టిన రాళ్ళ కథ పెట్టాను. అందరికంటే ముందు నవ్వు మొహం పెట్టింది బాబాయే.

 మీ ఇళ్ళల్లో సైన్యంలో పని చేసిన పెద్దవాళ్ళుంటే ఈ వారాంతం ఒకసారి ఫోన్ చేసి, అక్కడ మీరు దేనికి నవ్వుకునేవాళ్ళు అని అడగండి. ఆ కథలు మాకూ చెప్పండి.